బఠాణీ గింజంత మందు

బేగంపేటలోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసేవాళ్లందరికీ వాసంతి గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. మెట్ల కింద కిటికీ కూడా లేని చిన్న గదిలో టెలిఫోన్ బోర్డు ఉండేది. ఉదయం లోపలికి వెళ్లి తలుపు చేరవేసుకుంటే సాయంత్రం దాకా ఆమెకు బయటి మనుషులతో పని ఉండేది కాదు. మధ్యాహ్నం క్యారియర్ కూడా అక్కడే విప్పుకొనేది. ఇంత ఇరుకు గదిలో ఎలా ఉంటావమ్మా అని ఆఫీసు ఊడ్చే ఆవిడ అడిగితే, నాకు బాగానే ఉంటుందని నవ్వేది. అది అబద్ధం కాదు. ఆ ఉద్యోగంలో ఆమెకు అన్నిటికన్నా నచ్చింది ఆ తలుపే.

వాసంతి వాళ్లది రేపల్లె. తండ్రి వెంకటరామయ్య నీటిపారుదల శాఖలో గుమాస్తా. ఆమె ఇంటర్ చదివేటప్పుడు ఆయనకు హైదరాబాదు బదిలీ అయి, కుటుంబం మూసాపేటలో ఒక అద్దె ఇంట్లో దిగింది. అప్పటికే ఆమె ముఖం నిండా మొటిమలు. తొమ్మిదో తరగతిలో నుదుటి మీద మొదలై, బుగ్గల మీదికి దిగి, గడ్డం దగ్గర గట్టి గడ్డల్లా కుదురుకున్నాయి. తల్లి నాగేశ్వరి చేయని వైద్యం లేదు. జాజికాయ అరగదీసి రాసింది, వేపాకు నూరి పట్టించింది, పుదీనా రసం పూసింది. ఎవరో చెబితే ఒక వేసవంతా ఇంట్లోకి మామిడిపండు రానివ్వలేదు. ఏదీ పని చేయలేదు. కొన్నాళ్లకు ఆవిడే భయపడి కూతురి ముఖం మీద చెయ్యి వేయడం మానేసింది.

చుట్టాలు వచ్చినప్పుడల్లా అడిగేవాళ్లు. వేడి చేసిందా, నూనె వంటలు ఎక్కువ తింటోందా, రోజూ సరిగ్గా కడుక్కుంటోందా అని. ఆ చివరి ప్రశ్న వాసంతికి బాగా గుచ్చుకునేది. రోజుకు ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దుకునేది. చర్మం మండేదే తప్ప మొటిమలు తగ్గేవి కావు. డిగ్రీ చదివేటప్పుడు మందుల షాపతను ఒక ట్యూబు ఇచ్చాడు. వారంలో ముఖం తేటపడింది. ఆనందంగా ఆపేస్తే, ఆపిన కొద్ది రోజులకే ఎర్రగా, మునుపటికంటే ఎక్కువగా లేచాయి. మళ్లీ రాసింది, మళ్లీ తగ్గాయి. అప్పటినుంచీ ఆ ట్యూబు ఆమె చేతిసంచిలో ఒక మూల ఉండిపోయింది. ముఖాన ఆ మందు, దాని మీద పౌడరు, పౌడరు మీద ఇంకో పొర. అలా ఏళ్లు గడిచాయి.

పెళ్లి భీమవరం సంబంధం. అబ్బాయి ఉదయ్ భాస్కర్ అమీర్‌పేటలో ఒక కంపెనీలో పనిచేసేవాడు. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని అతనిది. మితంగా మాట్లాడతాడు. పెళ్లిచూపులు సాయంత్రం దీపాలు పెట్టాక జరిగేలా చూసింది నాగేశ్వరి. మచ్చలు కప్పే పాన్‌కేక్ మేకప్ తనే దగ్గరుండి పట్టించింది. అతను ఒప్పుకున్నాడు. తొంభై ఎనిమిది వేసవిలో పెళ్లయింది. హఫీజ్‌పేట్‌లో భాగ్యమ్మ అనే ఆవిడ ఇంటి పై భాగం కిరాయికి తీసుకుని కాపురం పెట్టారు.

కొత్త కాపురంలో వాసంతికి ఒకటే దిగులు. భర్తకంటే ముందు లేవాలి. అతను కళ్లు తెరిచేసరికి ముఖం కడుక్కుని పౌడరు వేసుకుని ఉండాలి. పడుకునేటప్పుడు దీపం ఆర్పిన తర్వాతే తుడుచుకునేది, గోడవైపు తిరిగి పడుకునేది. కరెంటు పోయి చెమట పడితే పమిటతో అద్దుకుంటూ కూర్చునేది తప్ప ముఖం కడుక్కునేది కాదు. ఉదయ్ భాస్కర్ ఇవన్నీ చూశాడో లేదో ఆమెకు తెలియదు. అతను ఏమీ అడగలేదు.

ఆ సంవత్సరం చివర్లో వాసంతి పనిచేసే కంపెనీ బేగంపేట నుంచి మాదాపూర్‌లో కొత్తగా కట్టిన సైబర్ టవర్స్‌కు మారింది. చుట్టూ బండరాళ్లు, ఎర్రమట్టి, సగం వేసిన రోడ్లు. మధ్యలో గుండ్రంగా అద్దాల భవనం. అందరూ సంబరపడ్డారు. వాసంతి మొదటిరోజు లోపలికి అడుగుపెట్టి తన చోటు ఎక్కడో అడిగింది. టెలిఫోన్ బోర్డుకు అక్కడ ప్రత్యేకంగా గది లేదు. తలుపు తీయగానే ఎదురుగా పెద్ద బల్ల, పైన వరుసగా తెల్లటి దీపాలు. వచ్చినవాళ్లను పలకరించడం, ఫోన్లు చూడడం రెండూ ఇక ఆ బల్ల దగ్గరే. మేనేజరు మర్యాదగానే చెప్పాడు, మీ మాట తీరు బాగుంటుంది కాబట్టి మీరే కూర్చోవాలని. ఆమె సరేనని తలూపి, బాత్‌రూమ్‌కి వెళ్లి ఇంకో పొర పౌడరు వేసుకొచ్చింది.

కొద్దిరోజులకు సందీప్ అనే ప్రోగ్రామరు బల్ల దగ్గరికొచ్చాడు. పై అంతస్తులో పనిచేసేవాడు. రెండేళ్లుగా ఫోన్లో పరిచయమే కానీ ముఖాముఖి ఎప్పుడూ చూసుకోలేదు. ఇక్కడ వాసంతి గారు ఎక్కడుంటారండీ అని ఆమెనే అడిగాడు. అతని గొంతు ఆమె వెంటనే గుర్తుపట్టింది. తల పైకెత్తకుండా, వీలైనంత పొడిగా, ఆవిడ సెలవులో ఉన్నారు అని చెప్పింది. అతను థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆఫీసు బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఎందుకని అడుగుతారు, ముఖం సంగతి చెప్పాల్సి వస్తుంది. ఇంటికి చేరేసరికి ఒళ్లు వేడిగా ఉంది. మర్నాటికి జ్వరం బాగా ఎక్కింది.

ఉదయ్ భాస్కర్ సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాడు. జ్వరం మాత్రలు వేసినా వేడి దిగకపోతే, గిన్నెలో నీళ్లు తెచ్చి తువ్వాలు తడిపి నుదురు తుడవడం మొదలుపెట్టాడు. వాసంతి మగతలో ఉంది. నుదురు అయ్యాక బుగ్గలు తుడిచాడు. తెల్లటి తువ్వాలు గోధుమరంగుకు తిరిగింది. ఆమెకు మెలకువ వచ్చి చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. కిటికీలోంచి పగటి వెలుతురు సూటిగా ఆమె ముఖం మీద పడుతోంది. ఎర్రటి గడ్డలు, మానిన చోట నల్లటి మచ్చలు, గడ్డం దగ్గర చీము పట్టినవి, అన్నీ కనిపిస్తున్నాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. అతను తువ్వాలు పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నొప్పిగా ఉంటుందా?"

ఇన్నేళ్లలో ఎందరో ఎన్నో అడిగారు. నొప్పిగా ఉంటుందా అని ఎవరూ అడగలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఉంటుందండీ, గడ్డం దగ్గర బాగా ఉంటుంది, ఆ పక్కకు తిరిగి పడుకోలేను అని చెప్పింది. అతను తువ్వాలు మళ్లీ తడిపి, ఈసారి అద్దినట్టుగా, గడ్డం జోలికి పోకుండా తుడిచాడు. పెళ్లయిన కొత్తల్లోనే తనకు తెలుసని, తలగడ గలీబు మీద మరకలు చూశానని, అడిగితే బాధపడతావేమోనని ఊరుకున్నానని చెప్పాడు. ఆమె జ్వరంలోనే ఆశ్చర్యంగా అతనివైపు చూసింది.

మధ్యాహ్నం భాగ్యమ్మ జావ కాచుకుని మెట్లెక్కి వచ్చింది. ఇంటి యజమానురాలన్న మాటేగానీ పైన ఎవరున్నా వాళ్లను తన ఇంటివాళ్లలాగే చూసేది. పౌడరు లేని వాసంతిని చూసి గిన్నె పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది.

"ఏంది బిడ్డా, గిదాన్నా ఇన్ని దినాలు దాసుకున్నవ్?" అంది. "మా చెల్లె బిడ్డకు గిట్లనే ఉండె. కూకట్‌పల్లిల ఒక డాక్టరమ్మ ఉన్నది, తోలు దవాఖాన. ఆమె దగ్గర్నే చూపించినం. జర జ్వరం తగ్గినంక పోయి రాండ్రి. ఏం ఫికర్ చెయ్యకు."

జ్వరం తగ్గిన తర్వాత ఒక శనివారం సాయంత్రం ఇద్దరూ వెళ్లారు. డాక్టరు పేరు భ్రమరాంబ. కర్నూలు మనిషి. యాభై దాటి ఉంటాయి. వాసంతిని దీపం కింద కూర్చోబెట్టి, భూతద్దంతో ముఖమంతా నిదానంగా చూసింది. ఇప్పటిదాకా ఏమేం రాశావని అడిగింది. వాసంతి చేతిసంచిలోంచి పాత ట్యూబు తీసి ఇచ్చింది. డాక్టరు దాని పేరు చదివి, బల్లమీద పెట్టకుండా తన పక్కనున్న చెత్తబుట్టలో వేసింది.

"ఎన్నాళ్లనుంచి రాస్తాండావమ్మా ఇది?"

వాసంతి చెప్పింది. డాక్టరు కోప్పడలేదు. అది స్టెరాయిడ్ అని, రాసినప్పుడు వాపు అణిగినట్టు కనిపిస్తుందేగానీ చర్మాన్ని పల్చన చేసేస్తుందని, ఆపితే మళ్లీ లేస్తాయని, అందుకే ఇన్నేళ్లూ దానికి అలవాటు పడిపోయిందని వివరించింది. తర్వాత వాసంతి ఎప్పుడూ వినని మాట ఒకటి చెప్పింది. కడుక్కోకపోవడం వల్ల మొటిమలు రావని. చర్మంలో చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపల నూనె ఊరుతుంది, పైన మృతచర్మం పేరుకుని ఆ దారి మూసుకుపోతుంది, లోపల వాచి గడ్డ కడుతుంది, ఇందులో నువ్వు చేసిన తప్పేమీ లేదని.

ఆవిడ రాసిన మందు విటమిన్ ఎ నుంచి పుట్టిన రెటినాయిడ్ జాతికి చెందిన క్రీము. ట్రెటినాయిన్, అన్నిటికన్నా తక్కువ మోతాదుది. ఆ మూసుకుపోయిన దారుల్ని తెరవడమే దాని పని. మంచి మందే, కానీ తొందరపడితే కాలుస్తుంది అని చెప్పి, ఎలా వాడాలో ఇద్దరికీ కలిపి చెప్పింది. రాత్రి భోజనమయ్యాక మెత్తటి సబ్బుతో ముఖం కడుక్కోవాలి. తడి పూర్తిగా ఆరిపోయేదాకా ఆగాలి. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, అంతటా పల్చగా పరచాలి. కళ్ల చుట్టూ, ముక్కు పక్కన, పెదవుల చివర తగలకూడదు. ముందు రెండు రోజులకోసారి, చర్మం అలవాటు పడ్డాక రోజూ. పైన మాయిశ్చరైజర్. పొద్దున బయటికి వెళ్తే సన్‌స్క్రీన్, గొడుగు. నిమ్మరసం, బ్లీచింగు, రుద్దే పిండ్లు ఏవీ దగ్గరికి రానివ్వకూడదు.

"మొదట్లో ఇంకా ఎక్కువైతాయి," అంది డాక్టరు. "పాత ట్యూబు ఆపినందుకు కొంత, లోపలున్నవి పైకొచ్చేది కొంత. నమ్మకం పోగొట్టుకోవద్దు. మూడు నెలల దాకా నన్ను ఏమీ అడగొద్దు. మరీ మండితే మాత్రం ఆపి నా దగ్గరికి రా."

లేవబోతుంటే ఆపి, పిల్లల సంగతి ఏమనుకుంటున్నారని అడిగింది. వాసంతి తలొంచుకుంది. ఒక ఏడాది ఆగుదామనుకున్నామని ఉదయ్ భాస్కర్ చెప్పాడు. అయితే సరే, కావాలనుకున్నప్పుడు ఒక నెల ముందే మందు ఆపండి, గర్భం ఉందని ఏమాత్రం అనుమానం వచ్చినా ఆ రోజే ఆపండి అని ఆవిడ గట్టిగా చెప్పింది.

మొదటిరోజు వాసంతి ట్యూబు పట్టుకుని బఠాణీ గింజంతంటే ఎంతో అర్థంకాక నిలబడింది. ఉదయ్ భాస్కర్ వంటింట్లోంచి నిజంగానే ఒక పచ్చి బఠాణీ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. దాని పక్కన క్రీము పిండి, ఎక్కువైంది, తక్కువైంది అని ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటినుంచి ఆ క్రీము పిండే పని అతనిదే అయింది. ఆమె అద్దం ముందు కూర్చుంటే వేలి చివర చుక్క పెట్టి, తను పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు. దీపం వేసే ఉండేది.

డాక్టరు చెప్పినట్టే మొదటి వారాలు కష్టంగా గడిచాయి. ముఖం ఎర్రబడింది. నోటి పక్కన పొట్టు రేగింది. కొత్త మొటిమలు గుంపులుగా లేచాయి. ఒక సాయంత్రం వాసంతి పాత ట్యూబే నయం, కనీసం నలుగురిలోకి వెళ్లగలిగేదాన్ని అని ఏడ్చింది. అతను డాక్టరుకు ఫోన్ చేస్తే, రాసే రోజులు ఇంకా తగ్గించి మాయిశ్చరైజర్ పెంచమంది. ఆ మార్పుతో మంట తగ్గింది. నెల దాటాక నుదురు మీద కొత్తవి రావడం ఆగింది. అద్దంలో ఆ సంగతి ముందు గమనించింది అతనే.

ఉగాదికి ఉదయ్ భాస్కర్ తల్లి కనకమ్మ భీమవరం నుంచి వచ్చింది. ఆవిడకు కోడలంటే ఇష్టం. ఆడపిల్లలు లేరు. వస్తూ స్వయంగా విసిరిన సున్నిపిండి డబ్బా నిండా తెచ్చింది. పండగనాడు పొద్దున్నే కోడలిని పీట మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. ఆ చేతుల్లో ఎంతో నెమ్మది ఉంది. వాసంతికి చిన్నప్పుడు తల్లి తలంటిన రోజులు గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఆ ముఖాన్ని అంత ప్రేమగా తాకినవాళ్లు తక్కువ. ఈ పొట్టంతా పోతుంది చూడమ్మా అంటూ అత్తగారు సున్నిపిండి చేతిలోకి తీసుకున్నప్పుడు, వద్దండీ, మందు రాస్తున్నాను అని చెప్పాలనుకుంది. నోరు రాలేదు. ఆ చేతుల్ని పక్కకు నెట్టాలనిపించలేదు. కనకమ్మ నుదురు, బుగ్గలు, గడ్డం బాగా రుద్ది కడిగింది.

పచ్చడి తినేసరికి ముఖం మండుతోంది. మధ్యాహ్నానికి బుగ్గలు కందిపోయి, రెండు మూడుచోట్ల చర్మం లేచి నీరు కారుతోంది. గుడికి వెళ్లొచ్చిన ఉదయ్ భాస్కర్ భార్యను చూసి, విషయం తెలుసుకుని తల్లి మీద గొంతు పెంచాడు. ఇంట్లో అతను గొంతు పెంచడం అదే మొదటిసారి. కనకమ్మ కొయ్యబారిపోయింది. వాసంతి మధ్యలోకి వచ్చింది.

"అత్తయ్యగారిని ఏమీ అనకండి. ఆవిడకు తెలీదు. తెలిసిందాన్ని నేను, నేను చెప్పలేదు."

కనకమ్మ ఆమె గడ్డం పట్టుకోబోయి ఆగిపోయింది. చెయ్యి కిందికి దించేసి, నాకు తెలీక చేశాను తల్లీ అని ఏడ్చింది. పండగ భోజనం ముగ్గురూ సగంలోనే ముగించారు.

మర్నాడు డాక్టరు దగ్గరికి కనకమ్మ కూడా వెంట వచ్చింది. భ్రమరాంబ చూసి, ఈ మందు రాసేటప్పుడు చర్మం పసిపిల్లల చర్మంలా ఉంటుంది, దాని మీద పిండి రుద్దితే చెక్కేసినట్టే అవుతుందని చెప్పింది. మచ్చపడే లోతు దెబ్బ కాదు, మానిపోతుంది. అంతవరకూ క్రీము పూర్తిగా ఆపాలి, మాయిశ్చరైజర్ తప్ప ఏదీ రాయకూడదు, పౌడరు అసలే వద్దు. మానిన తర్వాత ముందు మాయిశ్చరైజర్, దాని మీద క్రీము, వారంలో కొన్ని రోజులే. కనకమ్మ అన్నీ శ్రద్ధగా విని, పసుపు రాయొచ్చా, పెరుగు రాయొచ్చా, మీగడ రాయొచ్చా అని వరసగా అడిగింది. ఏదీ వద్దని డాక్టరు ఓపికగా జవాబు చెప్పింది. ఆ రోజునుంచి ఆవిడ కోడలి ముఖానికి కాపలాదారైపోయింది. పక్కింటి పేరంటానికి వెళ్తే, బొట్టు పెట్టడానికొచ్చిన ఆవిడ బుగ్గలకు పసుపు రాయబోతే, కాళ్లకు రాయండమ్మా చాలు అని కనకమ్మే అడ్డుపడేది.

వాసంతికి మాత్రం సోమవారం దగ్గర పడుతున్నకొద్దీ భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి తప్ప, పౌడరు లేకుండా ఆమె ఇల్లు దాటి ఏళ్లయింది. సెలవు పెట్టమన్నాడు ఉదయ్ భాస్కర్. ఎన్నాళ్లని పెడతానండీ అని ఆమె తయారైంది. భాగ్యమ్మ గేటు దగ్గర నిలబడి, గొడుగు మర్చిపోయావని పిలిచి చేతికిచ్చింది.

ఎర్రగా కందిన ముఖంతో తెల్లటి దీపాల కింద కూర్చుంది. వచ్చినవాళ్లు కొందరు చూసీ చూడనట్టు వెళ్లారు. ఒకరిద్దరు ఏమైందని అడిగితే చర్మానికి మందు వాడుతున్నానని చెప్పింది. చెప్పడం అంత కష్టంగా లేదని ఆమెకే వింతగా అనిపించింది. మధ్యాహ్నం సందీప్ వచ్చాడు. ఇన్నాళ్లూ కంపెనీ పని మీద వేరే ఊళ్లో ఉండి ఆ రోజే తిరిగొచ్చాడు. ఇంతకుముందు అడిగినట్టే అడిగాడు, వాసంతి గారు సెలవు నుంచి వచ్చారా అని. ఆమె ఒక క్షణం బోర్డు వైపు చూసి, తల పైకెత్తింది.

"నేనేనండీ వాసంతిని. ఆ రోజు కూడా నేనే ఉన్నాను."

అతను తడబడ్డాడు. ఆ తర్వాత తను వచ్చిన పని చెప్పాడు. పోయిన ఏడాది అతని తండ్రి గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు లైన్లు కలవకపోతే, ఆమె సాయంత్రమంతా ప్రయత్నించి, ఇంటికి వెళ్లే బస్సు వదులుకుని మరీ కలిపింది. ఆ పూటే ఆయనతో ఆఖరిసారి మాట్లాడగలిగాడు. ఒకసారి ఎదురుగా చూసి చెబుదామని అప్పటినుంచీ అనుకుంటున్నానన్నాడు. ఆమెకు ఆ రోజు బాగానే గుర్తుంది. మీ నాన్నగారి గొంతు చాలా నీరసంగా ఉండిందండీ, కానీ మీ పేరు చెప్పగానే గట్టిగా పలికారు అంది. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆమె ముఖం గురించి అతను ఒక్క మాటా అడగలేదు.

ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేసరికి వాసంతి ముఖం నిజంగానే మారింది. గడ్డలు అణిగాయి. నల్లమచ్చలు ఉన్నాయి, అవి పోవడానికి ఇంకా టైము పడుతుందని డాక్టరు చెప్పింది. కొన్ని చిన్న గుంటలు ఉండిపోతాయని కూడా దాచకుండా చెప్పింది. వాసంతి ఇప్పుడు ఎటువైపు తిరిగైనా పడుకోగలుగుతోంది. మూసాపేట వెళ్లినప్పుడు తల్లి నాగేశ్వరి ఆమెను వరండాలో వెలుతురులో నిలబెట్టి, రెండు చేతులతో ముఖం పట్టుకుని చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి కాఫీ కలుపుతూ కళ్లు ఒత్తుకుంది.

ఆ సెప్టెంబరులో నెల తప్పింది. మొదట వాసంతి పట్టించుకోలేదు. ఆమెకు ముందునుంచీ నెలసరి వెనకా ముందూ అవుతూనే ఉంటుంది. ఎప్పటిలాగే రాత్రిపూట క్రీము రాసుకుంటూ వచ్చింది. ఒక ఉదయం బస్సులో కడుపులో తిప్పినట్టయి, ఆఫీసు మధ్యలో లేచి ల్యాబుకు వెళ్లి పరీక్ష చేయించుకుంది. ఉందన్నారు. సంతోషం ఇలా వచ్చింది, అంతలోనే డాక్టరు మాట గుర్తొచ్చింది. అనుమానం వచ్చిన రోజే ఆపమంది. ఆమెకు అనుమానమే రాలేదు.

సాయంత్రం ఉదయ్ భాస్కర్ వచ్చేసరికి వాసంతి పెరట్లో కుళాయి దగ్గర నిలబడి ముఖం కడుక్కుంటోంది. కడిగిన ముఖాన్నే మళ్లీ మళ్లీ కడుగుతోంది. అతను కుళాయి కట్టేసి ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. నా ముఖం కోసం బిడ్డకు ఏమైనా చేశానేమోనండీ అంది. అతనికీ భయం వేసింది. అయినా ఆమె ముఖం తుడుస్తూ, చేస్తే ఇద్దరం చేశాం, ఆ క్రీము పిండింది నేనే కదా అన్నాడు. బట్టలు కూడా మార్చుకోకుండా ఇద్దరూ ఆటో ఎక్కి కూకట్‌పల్లి వెళ్లారు.

భ్రమరాంబ వాళ్ల వాలకం చూసి, క్యూలో ఉన్నవాళ్లను ఆగమని ముందుగా లోపలికి పిలిచింది. ఎప్పటినుంచి రాస్తోంది, ఎంత రాస్తోంది, మాత్రలు ఏమైనా మింగిందా అని అడిగింది. మాత్రలు లేవని తెలుసుకుని కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

"ఈ జాతి మందు మాత్రల్లో మింగితే బిడ్డకు చాలా ప్రమాదం. అది నిజం. నువ్వు రాసింది పైన, అదీ బఠాణీ గింజంత. రక్తంలోకి పోయేది బహు తక్కువ. తెలియక రాసుకున్నవాళ్లను గమనించి చూసినారు, బిడ్డలకు తేడా కనపడలేదు. అయినా కావాలని ఎవరికీ రాయం, జాగ్రత్త కోసం. ఈ రోజుతో ఆపేయ్. కాన్పుల డాక్టరుకు అంతా చెప్పు, దాచొద్దు. భయపడి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దమ్మా."

అయితే బిడ్డ బాగుంటుందా అని వాసంతి అడిగింది. ఎవరి బిడ్డ గురించీ ఏ డాక్టరూ మాట ఇవ్వలేరమ్మా, కానీ ఈ క్రీము గురించి నువ్వు నిద్ర మానుకోవాల్సిన పనిలేదు అంది ఆవిడ. అంత సూటిగా చెప్పినందుకే వాసంతికి ధైర్యం వచ్చింది.

కాన్పుల డాక్టరు కూడా అదే మాట చెప్పింది. అయినా అయిదో నెల స్కానింగు దాకా వాసంతి మనసు కుదురుగా లేదు. ఆ గదిలో ఉదయ్ భాస్కర్‌ను కూడా ఉండనిచ్చారు. డాక్టరు తెర మీద చూపిస్తూ తల, వెన్ను, గుండె అన్నీ చక్కగా ఉన్నాయంది. అతను ఆ బూడిదరంగు తెర మీద ఏమీ పోల్చుకోలేకపోయినా తల ఊపుతూనే ఉన్నాడు. బయటికొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి భీమవరం ఫోన్ చేసి తల్లికి సగం చెప్పి రిసీవరు వాసంతికి అందించాడు. మిగతాది ఆమె చెప్పింది.

క్రీము ఆపడంతో, కడుపు వల్లా, మొటిమలు మళ్లీ వచ్చాయి. గడ్డం దగ్గర పాత చోటే. గర్భిణులకు వాడదగిన లోషను ఒకటి భ్రమరాంబ రాసిచ్చింది, దానితో కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు. వాసంతి పౌడరు జోలికి వెళ్లలేదు. ఏడో నెల దాకా ఆ బల్ల దగ్గరే పనిచేసింది. కొత్తగా చేరిన తేజస్విని అనే అమ్మాయి, అదీ మొటిమల పిల్లే, ఒకరోజు సిగ్గుపడుతూ దగ్గరికొచ్చి, అక్కా, మీకు తగ్గిన ట్యూబు పేరు చెప్పరా అని అడిగింది. వాసంతి ట్యూబు పేరు చెప్పలేదు. నీ చర్మం ఏదో చూడకుండా నేను పేరు చెప్పకూడదు అని, శనివారం నువ్వు ఖాళీగా ఉంటే కూకట్‌పల్లి నేనే తీసుకెళ్తాను అంది. తీసుకెళ్లింది కూడా.

రెండు వేల సంవత్సరం వేసవిలో ఆడపిల్ల పుట్టింది. వాసంతి మూసాపేటలో పురుడు పోసుకుని, మూడో నెల దాటాక హఫీజ్‌పేట్ తిరిగొచ్చింది. బిడ్డను చూసుకోవడానికి కనకమ్మ వచ్చి ఉంది. ఆరోగ్యంగా, బొద్దుగా ఉండే పిల్ల. భాగ్యమ్మ పొద్దున లేస్తే పైనే ఉండేది.

మళ్లీ ఉద్యోగంలో చేరేముందు వాసంతి పిల్లను ఎత్తుకుని భ్రమరాంబ దగ్గరికి వెళ్లింది. మందు కోసం కాదు, చూపించడానికి. డాక్టరు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని వేళ్లు, చెవులు అన్నీ ముద్దుచేస్తూ చూసింది. తర్వాత వాసంతి గడ్డం మీదికి చూపు మళ్లించి, పాలు మాన్పించాక రా, మళ్లీ మొదలుపెడదాం అంది. వస్తానండీ, తొందరేమీ లేదు అంది వాసంతి. బయట వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. ఉదయ్ భాస్కర్ ఆటో మాట్లాడుతున్నాడు. ఆమె గొడుగు తెరిచి పిల్ల మీదికి వంచి, మెట్లు దిగింది.